అచ్చియ్యమ్మ ఇంట్లో కడుపు వంతులు

మా ఊళ్ళో బుర్ర ఎక్కువున్న ఇల్లు ఏదని అడిగితే ఆ ఇంటివాళ్ళే చెయ్యెత్తేవారు. ఇంకెవరూ ఎత్తేవారు కాదు, అది వేరే సంగతి.

మా ఎదురిల్లే. అచ్చియ్యమ్మ, ఆవిడ ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. పెద్దాడు వీర్రాజు, నడిపోడు సూరిబాబు, చిన్నోడు నూకరాజు. వాళ్ళ పెళ్ళాలు వరసగా మంగతాయారు, భూలక్ష్మి, నాగరత్నం. ఇన్ని పేర్లు గుర్తుండకపోతే పెద్దకోడలు, నడిపికోడలు, చిన్నకోడలు అనుకోండి, సరిపోతుంది. ఇంటిల్లిపాది తెలివీ కలిపి పోసినా ఉగ్గుగిన్నె నిండదు.

"మా ఇంట్లో ఇంతవరకూ పోట్లాటన్నది లేదు వదినా. ఎందుకో తెలుసా? బుర్ర. అన్నీ వంతులేసుకుంటాం," అనేది అచ్చియ్యమ్మ, నా అరుగు మీద కూచుని, నా తమలపాకులే నములుతూ. అబద్ధం కాదు. వంట వంతు, గేదె వంతు, నీళ్ళ వంతు. వానొస్తే ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ వంతే. అన్నదమ్ములు ముగ్గురూ వరసగా నడుస్తారు, కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా గొడుగు చెయ్యి మారుతుంది. ఇంటికొచ్చేసరికి ముగ్గురూ తడిసి ముద్ద.

"చూశావా పిన్నీ, ఎవరికీ అన్యాయం జరక్కుండా సమానంగా తడిశాం," అని నాకే చెప్పేవాడు వీర్రాజు, తల తుడుచుకుంటూ.

గొడుగుతో పోతే ఎవరికి నష్టం? ఊరుకున్నాం. ఓ ఏడు నాట్లప్పుడు వీర్రాజుకి చలిజ్వరం తగిలింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం గడగడలాడుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ మంచి మనిషి. ఒట్టి ఓపికస్తురాలు. ఆ ఓపికే ఆవిడ కొంప ముంచింది. బిళ్ళ చేతిలో పడేసి పొమ్మనే రకం కాదు, ప్రతిదీ విడమరిచి చెబుతుంది.

"కంగారు పడకండి. ఈ జ్వరం మూడు దశల్లో వస్తుంది. మొదట చలి. తర్వాత ఒళ్ళు కాలిపోతుంది. ఆ తర్వాత చెమటలు పట్టి దిగుతుంది. బిళ్ళలు మాత్రం మానకుండా వెయ్యండి," అంది.

ఇంకేముంది. 'మూడు' అన్న మాట అచ్చియ్యమ్మ చెవిన పడింది. ఇంటికొస్తూనే కొడుకుల్ని ముగ్గుర్నీ అరుగు మీద కూచోబెట్టింది.

"దశలు మూడు. మీరూ ముగ్గురు. పెద్దాడొక్కడి నెత్తిన మూడూ పడెయ్యడం ఏం న్యాయంరా?"

"న్యాయం కాదమ్మా," అన్నాడు సూరిబాబు. "చలి అన్నయ్య పడ్డాడుగా. కాలడం నేను చూసుకుంటాను."

"చెమట నాకొదిలెయ్యండి. నాకెటూ ఎక్కువే," అన్నాడు నూకరాజు.

అంతే. వీర్రాజు దుప్పటి మడతపెట్టి తమ్ముడి చేతిలో పెట్టి, నా వంతు తీరిపోయిందని నాట్లకి పోయాడు. సూరిబాబు టీకొట్టు పొయ్యి పక్కన పీటేసుకుని కాలుతూ కూచున్నాడు. నూకరాజు మా నూతిలో నీళ్ళు తోడడం, మళ్ళీ అందులోనే పొయ్యడం, అలా చెమట పట్టిస్తున్నాడు. బిళ్ళలు ముగ్గురూ పంచుకు మింగేశారు. మధ్యాహ్నానికి వీర్రాజు చేలో బోర్లా పడ్డాడు. ఒళ్ళు పెనంలా ఉంది. నలుగురూ మోసుకొస్తే అచ్చియ్యమ్మ లబోదిబోమంటూ సూరిబాబు మీద పడింది.

"నువ్వు సరిగ్గా కాలడం లేదురా సన్నాసీ. అందుకే అది తిరిగి వాడి మీదకి పోయింది."

"నేనేం చెయ్యనే? టీకొట్టోడు భోజనానికి పోతూ పొయ్యి ఆర్పేశాడు," అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

మా ఆయన పరుగున పోయి డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చాడు గనక సూదిమందు పడి వీర్రాజు బతికి బట్టకట్టాడు. పోన్లే, బుద్ధొచ్చుంటుంది అనుకున్నాను. మర్నాడు అచ్చియ్యమ్మ నా అరుగెక్కి, "ముగ్గురూ పంచుకోబట్టి తేలిగ్గా పోయింది వదినా. అదే ఏకాకి అయితే ఏమయ్యేవాడో," అంది. నా ఆకుల్లో సున్నం ఎక్కువైందని కూడా అంది.

సరే. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళయి ఏళ్ళు గడిచినా ఉయ్యాల ఊగలేదు. అచ్చియ్యమ్మకి అదొక్కటే దిగులు. ఎంత వాగుతున్నా సరే, వీధిలో ఎవరి చంకనైనా పసిపిల్ల కనిపిస్తే నోరు మూతపడేది. మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు. చివరికి చిన్నకోడలు నాగరత్నం నీళ్ళోసుకుంది. ఆ పూట అచ్చియ్యమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "ఒక్కసారి బిడ్డని నా ఒళ్ళో పడుకోబెట్టుకుంటే చాలు వదినా, ఇంకేమీ అడగను," అంది. నాకూ కళ్ళు చెమర్చాయి. తెలివి లేకపోతేనేం, ఆ మనిషికి ప్రేమకి కొదవ లేదు.

మూడో నెల నిండుతుంటే ఆసుపత్రికి నేనూ తోడెళ్ళాను. డాక్టరమ్మ నాగరత్నాన్ని పరీక్ష చేసి, అలవాటు కొద్దీ విడమరచడం మొదలెట్టింది.

"తొమ్మిది నెలల్నీ మేం మూడు దశలుగా చూస్తామమ్మా. మొదటి మూడు నెలలూ వేవిళ్ళు, నీరసం. లోపల చిక్కుడుగింజంత బిడ్డకి కాళ్ళూ చేతులూ ఏర్పడతాయి. తర్వాతి మూడు నెలలూ కాస్త సుఖం, బిడ్డ కదలడం తెలుస్తుంది. చివరి మూడు నెలలూ బరువు, ఆయాసం. అప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి."

పక్కన అచ్చియ్యమ్మ వేళ్ళు మడవడం చూశాను. 'తల్లీ, మూడనకు, నాలుగను, రెండను, ఏదో ఒకటను' అని నా నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఇంటికొచ్చాక చూడాలి సభ. "దశలు మూడు, కోడళ్ళు ముగ్గురు. దేవుడే లెక్క చూసి ఇచ్చాడు," అంది అచ్చియ్యమ్మ. "చిన్నది మూడు నెలలు మోసింది, చాలు. ఇక నడిపిది. ఆ తర్వాత పెద్దది."

"బరువు నా వంతుకొచ్చిందేంటత్తయ్యా?" అని పెద్దకోడలు మూతి ముడిచింది.

"కనేది నువ్వే కదే. పేరు నీకే వస్తుంది," అని సర్దిచెప్పింది అత్తగారు.

"ఒసే అచ్చియ్యమ్మా, కడుపు చేతులు మారదే," అన్నాను నేను. వింటేనా. మంచిరోజు చూసి నాగరత్నాన్నీ భూలక్ష్మినీ పొట్టకి పొట్ట ఆనించి నిలబెట్టారు, ఇద్దరి నడుములకీ కలిపి కొత్త తుండుగుడ్డ చుట్టారు. "అప్పగించాను," అంది చిన్నకోడలు. "అందుకున్నాను," అంది నడిపికోడలు. తుండు విప్పి, హారతిచ్చి, వీధిలో అందరికీ శనగలు పంచారు. నా వాటా శనగలు నేనూ తిన్నాను. ఏం చెయ్యమంటారు, ఊరికే పారేస్తామా?

ఇక్కడే వచ్చింది తంటా. నాలుగో నెల పడేసరికి ఎవరికైనా వేవిళ్ళు తగ్గుతాయి. నాగరత్నానికీ తగ్గాయి. ఇటు భూలక్ష్మి, కడుపుతో ఉన్నాను కదా అని బుట్టెడు పుల్లమామిడికాయలు తినేసి భళ్ళున వాంతి చేసుకుంది.

"ఇప్పుడేమంటావు వదినా? దీనికాగింది, దానికి మొదలైంది. చేతులు మారిందా లేదా?" అంది అచ్చియ్యమ్మ.

అంతే. పాలు, గుడ్లు, రక్తం బిళ్ళలు అన్నీ భూలక్ష్మికి. మంచం దిగనివ్వలేదు దాన్ని. కడుపు లేదు కదా అని నాగరత్నానికి గేదె వంతు, నీళ్ళ వంతు తిరిగి వచ్చేశాయి. పిచ్చిది బిందె మీద బిందె మోసేది. నేను కొంగు చాటున ఉడికిన గుడ్లు పట్టుకెళ్ళి, నూతి దగ్గర దాని నోట్లో కుక్కి వచ్చేదాన్ని. బిందె లాక్కుంటే, "నా వంతు మీరు చేస్తే తప్పు కదా పిన్నిగారూ," అని మళ్ళీ లాక్కునేది.

దాని పొట్ట పెరిగింది. పెరక్క ఏమవుతుంది? నేను అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "కళ్ళున్నాయా నీకు? బిడ్డ ఎవరి దగ్గరుందో చూడు."

ఆవిడ చూసి, జాలిగా నా భుజం తట్టింది. "సామాను తీసేసిన గది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది వదినా."

నాగరత్నం పొట్టలో ఏదో కదులుతోందంటే గాలి తిరుగుతోందన్నారు. వాము నమిలించారు. భూలక్ష్మి పొట్టలో ఏమీ కదలడం లేదంటే, పిల్ల బుద్ధిమంతురాలన్నారు.

ఓనాడు నాగరత్నాన్ని ఒంటరిగా పట్టుకుని గట్టిగా అడిగాను. "నీకైనా తెలియడం లేదటే?"

అది నేలచూపులు చూస్తూ, "తెలుస్తోంది పిన్నిగారూ. కానీ నా వంతు అయిపోయిందిగా. ఇప్పుడది అక్కయ్య పిల్ల. పడుకున్నాక ఎవరూ చూడకుండా పొట్ట మీద చెయ్యేసుకుంటాను. అక్కయ్యకి చెప్పకండేం, బాధపడుతుంది," అంది. తన బిడ్డని తనే దొంగతనంగా తడుముకుంటోంది వెర్రిమొహం.

ఆరో నెలలో భూలక్ష్మిని స్కానింగుకి తీసుకెళ్ళారు. అందరూ వెళ్ళారు. అన్నం క్యారియర్ మొయ్యడానికి నాగరత్నం, దానికోసం నేను. డాక్టరమ్మ భూలక్ష్మి పొట్ట మీద మిషను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇక్కడేమీ లేదమ్మా," అంది.

ఇంకేముంది, గొల్లుమన్నారు. "ఎక్కడ పడేశావే నా మనవరాల్ని?" అని అచ్చియ్యమ్మ కోడలి జబ్బ పట్టుకుంది.

"నేను మంచం దిగందే ఎక్కడ పడేస్తానత్తయ్యా? పొద్దున్న తుమ్మాను, అంతే," అని భూలక్ష్మి ఏడుపు. సూరిబాబు వంగి మంచం కింద వెతికాడు. నూకరాజు వచ్చిన దారమ్మట వెతుకుతూ పోయి, ఎవరిదో చెప్పు పట్టుకొచ్చాడు. ఆ గోలలో డాక్టరమ్మ చూపు క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాగరత్నం మీద పడింది. గబగబా లోపలికి పిలిచి మంచం మీద పడుకోబెట్టింది. మిషను పెట్టగానే కనపడింది బిడ్డ. చక్కగా చెయ్యి ఆడిస్తోంది.

నేను జరిగిందంతా చెప్పాను. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగింది. తర్వాత ఇంటిల్లిపాదినీ నిలబెట్టి చీవాట్లు పెట్టింది.

"ఈ అమ్మాయికి రక్తపోటు ఎక్కువుంది. కాళ్ళు ఎలా వాచాయో చూడండి. బరువులు ఎత్తకూడదు, ఉప్పు తగ్గించాలి. నొప్పులు మొదలవగానే ఇక్కడికి తీసుకురావాలి. ఆలస్యమైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. అర్థమైందా?"

అందరూ బుద్ధిగా తలూపారు. ఇంటికెళ్ళే దారిలో అచ్చియ్యమ్మ తీర్పు చెప్పింది. "ఏమీ కాలేదర్రా. పిల్ల పుట్టింటికి వెళ్ళింది. మొదట ఉన్న చోటు కదా, బెంగ పెట్టుకుంది. నాలుగు రోజులుండి అదే వస్తుంది. పుట్టింటికొచ్చిన పిల్లని తరిమేస్తామా?"

ఒకందుకు మేలే జరిగింది. పిల్ల పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ పుట్టిల్లు బరువులు మొయ్యకూడదని నేను చెబితే ఒప్పుకున్నారు. గేదె, నీళ్ళు తప్పాయి. ఏడో నెల రాగానే మాత్రం తుండుగుడ్డ బయటికి తీశారు. ఈసారి పెద్దకోడలు మంగతాయారు అందుకుంది. సీమంతం కూడా దానికే చేశారు. చదునైన పొట్టతో పీట మీద కూచుని అది గాజులు తొడిగించుకుంటుంటే, ఇంత పొట్టేసుకుని నాగరత్నం వచ్చిన ముత్తైదువలకి పసుపు రాసింది. చూసినవాళ్ళందరూ నా మొహం చూశారు, నేనేదో చెబుతానని. ఏం చెప్పను నా బొంద?

నెలలు నిండుతుండగా నాగరత్నానికి భయం పట్టుకుంది. ఆ భయం పోగొడదామని డాక్టరమ్మ దగ్గర కూచోబెట్టుకుంది. ఎంత అనుభవం అయినా ఆ తల్లికి ఇంకా బుద్ధి రాలేదు. "భయపడకమ్మా. కాన్పు కూడా మూడు దశల్లోనే జరుగుతుంది. మొదట నొప్పులు, తర్వాత బిడ్డ, ఆ తర్వాత మావి పడుతుంది, విశ్రాంతి తీసుకుంటావు," అంది.

"మళ్ళీ మూడే," అని అచ్చియ్యమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది, దేవుడికి.

ఆ పొద్దున నేను సంతకి వెళ్ళాను. పోకుండా ఉండాల్సింది, ఉప్పు అయిపోయింది మరి. నాగరత్నం పప్పు రుబ్బుతూ నడుం పట్టుకుని, "అత్తయ్యా, నొప్పులొస్తున్నాయి," అందట. ఇల్లంతా ఒక్కసారి లేచింది. ఎవరి పని వాళ్ళకి ముందే తెలుసు. నాగరత్నాన్ని గదిలో చాప మీద కూచోబెట్టి, "నీది నొప్పుల వంతు. నువ్విక్కడ పడుతుండు," అన్నారు. కనే వంతు మంగతాయారుది కాబట్టి దాన్ని ఆటో ఎక్కించి, అత్తగారూ కొడుకులు ముగ్గురూ ఆసుపత్రికి పోయారు. విశ్రాంతి వంతు భూలక్ష్మిది. అది తలకి గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మంచం కింద కుంపటి పెట్టుకుని బాలింతలా పడుకుంది. చెవుల్లో దూది ఉందేమో, పక్క గదిలో తోడికోడలు అరిచే అరుపులు దానికి వినపడనేలేదు.

నేను వీధి మలుపు తిరిగేసరికి అరుపు వినిపించింది. సంచీ అక్కడే పారేసి పరిగెత్తాను. నాగరత్నం చాప మీద మెలికలు తిరుగుతోంది. మొహం ఉబ్బింది, కళ్ళు మసకలంటోంది. చీర తడిసిపోయింది. ఎలాగో ఆసుపత్రికి ఫోను కొట్టాను.

అక్కడి సంగతి తర్వాత నర్సు చెప్పింది. మంగతాయారు దర్జాగా మంచమెక్కి పడుకుంటే డాక్టరమ్మ, "నాగరత్నం ఏది?" అందట.

"ఇంట్లో నొప్పులు పడుతోందండీ. ఆ పని కాగానే ఈవిడ ఇక్కడ కంటుంది," అన్నాడు వీర్రాజు. అప్పుడే నా ఫోను. డాక్టరమ్మ అంబులెన్సు కోసం పరిగెత్తుతుంటే నూకరాజు అడ్డంపడ్డాడట. "మీరెక్కడికండీ? కనే మనిషి ఇక్కడుంటేనూ?"

ఇక్కడ నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. "పిన్నిగారూ, నా వంతు నొప్పులే కదా, ఇంకేదో వస్తున్నట్టుందేంటి?" అంటోంది. "రానీ తల్లీ, అన్నీ నీ వంతే, అన్నీ నీవే," అంటూ నేను ఏడుస్తున్నాను. నా ఏడుపు చూసి అది నా కళ్ళు తుడిచింది, చూడండి. అంబులెన్సు వచ్చి ఆగింది. డాక్టరమ్మ వస్తూనే సూది వేసింది, నన్ను పక్కకి నెట్టింది. ఆ తర్వాత కాసేపు నాకేమీ కనపడలేదు, కళ్ళు మూసుకున్నాను. బిడ్డ బయటికొచ్చింది. ఏడవలేదు. డాక్టరమ్మ దాన్ని తిప్పింది, వీపు రాసింది, నోట్లోది తీసింది. అప్పుడు కేరుమంది. అలాంటి ఏడుపు విని అంత సంతోషపడ్డ రోజు నా జన్మలో లేదు.

ఆడపిల్ల. నాగరత్నం దానివైపు చేతులు చాచి, సగంలో ఆపేసింది. "ఎత్తుకోవచ్చా అండీ? ఇప్పుడు ఎవరి వంతు?" అంది. డాక్టరమ్మ బిడ్డని తెచ్చి దాని గుండెల మీద పెట్టింది.

ఆసుపత్రికి కబురెళ్ళింది. బిడ్డ పుట్టేసిందని నర్సు చెబితే మంగతాయారు మంచం మీద లేచి కూచుని, "కనేశానా? నాకు తెలియనే లేదు. ఏమాటకామాట, డాక్టరమ్మ చెయ్యి భలే తేలిక," అందట.

అందరూ ఇంటికొచ్చారు. డాక్టరమ్మ వాకిట్లోనే ఆపేసి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇంకెప్పుడూ కడుపులు పంచుకోబోమని బిడ్డ మీద ప్రమాణం చేయించుకుంది. చేశారు. నిజంగానే భయపడ్డారు. నూకరాజు పెళ్ళాం కాళ్ళ దగ్గర కూచుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అచ్చియ్యమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆ మొహం నేనేం వర్ణించను? చిన్న చిన్న వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటూ, "దీనికింకేం భయం లేదు కదండీ?" అని అడిగింది.

డాక్టరమ్మ అలిసిపోయి ఉంది. అలిసిపోయినా విడమరచడం మానలేదు. "ఏం భయం లేదమ్మా. మూడో నెలకి మెడ నిలబెడుతుంది, తర్వాత పాకుతుంది, నడుస్తుంది, బడికి పోతుంది, పెద్దదవుతుంది, ముసలిదవుతుంది, అందరిలాగే ఎప్పుడో ఒకనాడు పోతుంది. అన్ని దశలూ వరసగా వాటంతట అవే జరుగుతాయి. మీరేమీ చెయ్యకండి చాలు," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

అచ్చియ్యమ్మ నావైపు తిరిగి, "పోతుందా వదినా? ఇది?" అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పటి మాటో అదంతా. ఇప్పుడెందుకు నీకు?" అని కసిరి నేను ఇంటికొచ్చేశాను. స్నానం చెయ్యాలి, సంచీ వెతుక్కోవాలి.

మర్నాడు తెల్లారి తలుపు తీస్తే వీధిలో నూకరాజు పాకుతున్నాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి పాపం. సూరిబాబు పలక చంకన పెట్టుకుని బడి దారి పట్టాడు. ఇదేంట్రా అంటే, "పసిపిల్ల అన్ని దశలూ ఎక్కడ దాటుతుంది పిన్నీ? కడుపు పంచుకోబోమని ఒట్టేశాం గానీ ఇవి కాదుగా," అన్నాడు. సరే, పోనీ, దీనివల్ల ఎవరి ప్రాణం మీదకీ రాదు కదా అనుకుంటూ అటు చూసి హడలిపోయాను. ఎదురింటి వాకిట్లో వీర్రాజు వెదురుబొంగులు చీల్చి పాడె కడుతున్నాడు. అరుగు మీద అచ్చియ్యమ్మ తలంటుకుని, ఉన్నవాటిలో కొత్తచీర కట్టుకుని, దక్షిణం వైపు తల పెట్టి పడుకుని ఉంది.

"అయ్యో, ఏమైందే నీకు?" అని గుండెలు బాదుకుంటూ పరిగెత్తాను.

కళ్ళు తెరిచింది. "ఏమీ కాలేదు వదినా, రాయిలా ఉన్నాను. దాని ఆఖరి వంతు నేను తీసేసుకున్నాను. ముసలితనం ఎటూ నాకుంది, కలిసొచ్చింది. అది నిన్ననేగా పుట్టింది, దానికెందుకీ బెడద? దాని బదులు నేను పోయానంటే ఇంకెప్పటికీ దానికా పనుండదు."

"నీ మొహం. నీ చావు నీకుంది కదటే, అదెవరు చస్తారు?"

అచ్చియ్యమ్మ పడుకునే ఆలోచించింది. "నిజమే సుమా. అయితే నాకు రెండున్నాయన్నమాట. ముందు దానిది తీర్చేస్తాను. నాది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈలోగా వీర్రాజు పొద్దున్నే చాటింపు వేయించాడేమో, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే పూలదండలతో వచ్చి చేరుతున్నారు. కొడుకులు తల్లిని తీసి పాడె మీద పడుకోబెట్టారు. మోకాళ్ళు ఊదుకుంటూ నూకరాజు కూడా వచ్చాడు. బడి నుంచి గెంటేశారట, సూరిబాబూ వచ్చాడు. ఎవరు ముందు పట్టాలో వంతులు చూసుకుంటున్నారు. అప్పుడు లోపల్నుంచి పసిది గుక్క పట్టింది.

పాడె మీద అచ్చియ్యమ్మ చివాలున లేచి కూచుంది. "ఉండండర్రా, ఏడుస్తోంది. నాగరత్నం, ఇలా తే దాన్ని. నీ చేతుల్లో ఊరుకోదు."

నాగరత్నం తెచ్చి ఇచ్చింది. అచ్చియ్యమ్మ ఒళ్ళో వేసుకుని జో కొట్టింది. ఊరుకోలేదు. "కాస్త ఊపండిరా, ఊగితే పడుకుంటుంది," అంది. కొడుకులు ముగ్గురూ, నాలుగో వైపు మా ఆయన, పాడె పైకెత్తి ఉయ్యాల ఊపినట్టు ఊపడం మొదలెట్టారు. అలా ఊపుతూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. పాడె మీద బాసింపట్టేసుకుని అచ్చియ్యమ్మ లాలి పాడుతోంది. వెనకాల దండలు పట్టుకుని ఊరు ఊరంతా నడుస్తోంది. నడవక ఏం చేస్తాం, వచ్చాం కదా.

మూడోసారి తిరిగేసరికి పిల్ల నిద్రపోయింది. డప్పులవాళ్ళు అప్పుడే వచ్చి కర్ర ఎత్తారు. అచ్చియ్యమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని వాళ్ళని ఆపి, గొంతు తగ్గించి అందరికీ చెప్పింది.

"ఇవాళ కుదరదర్రా, పిల్ల లేస్తుంది. రేపు రండి."